ఎయిర్‌పోర్టు బస్సులో నీ తువ్వాలు

అన్నా,

పుంగనూరు నుంచి ఎయిర్‌పోర్టుకు నేరుగా బస్సు వేసినారు. ఇంటిపనికి మళ్లా కువైట్‌కు పోతా, ఈ పొద్దు ఆ బస్సే ఎక్కినాను. నువ్వు కన్నుమూసినాక ఇదే మొదటిసారి.

ఇంతకుముందు మదనపల్లెలో, చింతామణిలో బస్సులు మారుతాంటిమి. నువ్వు జనంలో దూరి, కిటికీలోంచి తువ్వాలు వేసి నాకు సీటు పడతాంటివి. నీ పుణ్యాన నేను ఒక్కసారీ నిలబడలేదు. నువ్వు మాత్రం నిలబడే వస్తాంటివి. యాల అని కోప్పడితే, "ఆడ రెండేండ్లు నిలబడే పని చేయాల, ఈడన్నా కూసోమ్మా" అంటాంటివి.

ఈ పొద్దు నాకు రిజర్వేషన్ ఉండాది. అయినా నీ తువ్వాలు కిటికీలోంచి వేసినాను.

"సీటు ఉండాది గదమ్మా, ఇది యాల?" అని కండక్టరు నవ్వినాడు.

ఎక్కి కూసుంటే, పక్క సీటు ఖాళీగా ఉండాది. తువ్వాలు దాని మీద పరిచినాను. ఎవరన్నా ఎక్కితే తీస్తాను. అందాకా కూసో అన్నా.