మొగ్గ మీదున్న తీగని నరికిస్తారా?

ఆదివారం, మధ్యాహ్నం

చిట్టికి,

మీ వదిన ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి, ఇక అసలు సంగతికొస్తాను. ఫోన్‌లో అడిగితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడతాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

అమ్మాయి పురుటికి వెళ్తూ, మీ అన్నయ్యకి ఇంత వండిపెట్టమని ఇల్లు నీ చేతిలో పెట్టాను. తిరిగొచ్చి, చంటిదాని కబుర్లైనా చెప్పకుండా ముందు డాబా ఎక్కాను. నా డ్రాగన్ ఫ్రూట్ తీగలు లేవు. సిమెంటు స్తంభాలూ, వాటి నెత్తిన పాత స్కూటర్ టైర్లూ బోడిగా నిలబడి ఉన్నాయి. మొదలంటా నరికించావు. నేను వెళ్ళేనాటికి కొమ్మకొమ్మకీ మొగ్గలున్నాయి చిట్టీ.

జానెడు ముక్క గుచ్చి పెంచుకున్నానే! ముళ్ళకంప పెంచుతున్నానని అందరూ నవ్వారు. కాయ కోసి పెడితే నీ పిల్లలే మూతులు ఎర్రగా చేసుకుని, ఇంకా ఇంకా అన్నారు. మొదట వెక్కిరించిన మీ అన్నయ్యే తర్వాత స్టూలెక్కి, కొమ్మల్ని టైర్లలోంచి దూర్చి కిందికి వేలాడదీసేవారు. రిటైరయ్యాక ఆయన మొహం వెలగడం అక్కడే చూశాను.

నేను కిందికి దిగి రాగానే "డాబా అంతా కంపగా ఉంది వదినా, కొట్టించేశాను" అన్నావు, తువ్వాలు మడతపెట్టానన్నంత తేలిగ్గా. ఎవరినడిగి? నా చీర నచ్చకపోతే కత్తిరించేస్తావా? మీ అన్నయ్యని నిలదీస్తే, అయిందేదో అయింది, దాన్నేమీ అనొద్దంటూ పేపరు అడ్డం పెట్టుకున్నారు. మరి ఈ ఇంట్లో నేనెవరిని?

ఇకమీదట నేను లేనప్పుడు ఈ గడప తొక్కక్కర్లేదు.

కోపంతో,
మీ వదిన

తా.క. కవరు అంటించబోతుంటే మీ అన్నయ్య క్రాఫు పొట్టిగా చేయించుకుని వచ్చారు. తల వెనక కుట్ల మచ్చ. ఇన్నాళ్ళూ జుట్టు చాటున దాక్కుంది. కూర్చోబెట్టి అడిగితే కక్కారు. తీగలు సర్దుతూ కళ్ళు తిరిగి స్టూలు మీంచి పడ్డారట. నువ్వే ఆస్పత్రికి తీసుకెళ్ళావట. నాకు చెప్పనని నీచేత ఒట్టు వేయించుకున్నారట. ఆయన మళ్ళీ ఎక్కకుండా తీగలు నరికించి, నా తిట్లు నువ్వు తిన్నావు.

కోపం పోలేదు. ఇప్పుడు ఇద్దరి మీదా ఉంది. చెప్పకూడనంత పరాయిదాన్నా? ఉత్తరం చించను, మొత్తం చదువు.

వచ్చేవారం ఆయన్ని డాక్టరుకి చూపిస్తున్నాను. నువ్వు రావాలి. ఎలా పడ్డారు, ఎంతసేపు స్పృహ లేదని అడుగుతారు. మీ అన్నయ్య ఏమీ లేదంటారు. నేను నీ మాటే నమ్ముతాను.