ఎడంచేతి రొట్టె

గుర్నా, మార్చి 1908

దిమ్యానక్కా,

నా జ్వరం తగ్గింది, ఒళ్లు బాగానే ఉంది. మండుతున్నది కడుపే.

మూడు నెలలు ఇక్కడి ఫరోల కాలం నాటి పాత సమాధిలో కూర్చుని, గోడమీది బొమ్మలకు గీత గీతకూ నకలు తీసి, నాకు పని ఇచ్చిన లండన్ పండితుల సంఘానికి పంపానా? వాటితో వాళ్లు అచ్చు వేసిన పుస్తకం నిన్న వచ్చింది. తెరిస్తే బొమ్మలన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు, ఇటువి అటు! "మా సభ్యులు ఎడమ నుంచి కుడికి చదువుతారు. వాళ్ల వీలుకోసం తిప్పి వేశాం" అని కార్యదర్శి రాశాడు.

అక్షరం ముక్క రాని మా మేస్త్రీ అబూ దర్వీష్ ఆ పేజీ చూసి ముక్కున వేలేసుకున్నాడు. "గిర్గిస్ అఫెండీ, వీడెవడండీ, కన్నతండ్రికి ఎడంచేత్తో రొట్టె పెడుతున్నాడు! మా ఇంట్లో అయితే చెయ్యి విరగ్గొడతాం."

గోడమీద ఆ కొడుకు నిక్షేపంగా కుడిచేత్తోనే పెట్టాడక్కా! మూడు వేల ఏళ్లు నిలిచిన మర్యాద లండన్‌లో ఒక్క పూటలో మంటగలిసింది. కింద నా పేరు మాత్రం తిప్పకుండా వేశారు.

సరిచేసి మళ్లీ అచ్చు వేసేదాకా ఇంకో గీత గీయనని రాసి పారేశాను. ఉద్యోగం ఊడినా ఊడొచ్చు.

గేదె ఈనిందా? నా ఉన్ని కండువా, నాలుగు ఎండరొట్టెలు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. ఇక్కడివి రాళ్లు.

నన్ను తీసేస్తే, ఏం తప్పు చేశాడోనని అమ్మ కుమిలిపోతుంది. చిన్నప్పుడు నాన్నకు ఎడంచేత్తో రొట్టె అందించానని నా వేళ్లమీద గరిటెతో వేసింది ఆవిడే. ఆ సంగతి గుర్తుచెయ్యి, చాలు.

అమ్మ కుడిచేతికి నా ముద్దులు.

నీ గిర్గిస్