జైసల్మేరులో ఇంకో రెండేళ్లు

బీరంగూడ, ఆదివారం

చి. మహితకు, నేను బాగానే ఉన్నాను. ఫోన్లో అయితే నువ్వు మాట దాటేస్తావు, అందుకే ఈ కార్డు.

జైసల్మేరు ఎడారి ప్లాంటులో ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారని, ఉండనా అని అడిగావు. ఎడారుల్లో ఓ మూల సోలార్ పలకలు పరిస్తే లోకమంతటికీ కరెంటు సరిపోతుందన్న నీ లెక్క నేనూ వేసి చూశాను. తప్పు లేదు. రాత్రికి దాచే సంగతి మాత్రం మీరింకా తేల్చాలి.

నిన్న మీటరు చూసే నర్సింహులు వచ్చాడు. నువ్వు మన మేడ మీద పెట్టించిన పలకల కరెంటు చాలావరకు మిగిలిపోతోందట.

"ఏందమ్మా, ఇంట్ల ఎవ్వరు ఉంటలేరా?" అన్నాడు.

"నేను కనిపించడం లేదా?" అని కసిరాను.

"మీరొక్కరేనా? గందుకే మీటరు ఉల్టా నడుస్తున్నది" అని నవ్వాడు. అతను వెళ్లాక కూడా చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను.

నువ్వు సంతకం చెయ్యి. నన్ను చూసి ఆగొద్దు. ఎండలో తలకు గుడ్డ కట్టుకుంటున్నావా? ట్యాంకరు నీళ్లు కాచి తాగుతున్నావా? కందిపొడి అయిపోయిందా?

ఇంకొకటి. నీ గదిలో మరో మంచం పడుతుందేమో టేపుతో కొలిచి, వెంటనే రాయి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ కమలాకుమారి