బాపు చేతి బొమ్మ

ఆదివారం రాత్రి, గోదావరిఖని

అంచు గీతలు లేకుండా, పెన్సిల్ నీడలతోనే చర్మం ముడతలు తేవాలని ఈరోజు మా బాపు చెయ్యి ముందు పెట్టుకుని కూర్చున్నాను. గాయాల్లో బొగ్గు ఇంకి నల్లబడిన మచ్చలు బాగానే కుదిరాయి. వేలి కొన మీది పగులు ఎంత లోతుందో చూద్దామని ఆ వేలినే పెన్సిల్ మొనతో తాకాను. గట్టిగానే గుచ్చుకుంది. బాపు కదల్లేదు.

"తెలుస్తలేదా బాపూ?"

"బొగ్గుబాయిల డ్రిల్లు పట్టి పట్టి వేళ్లు మొద్దుబారినయి బిడ్డా. అమ్మకు చెప్పకు. దవాఖానకు పొమ్మంటది. అన్‌ఫిట్ అంటే డ్యూటీ పోతది."

సాయంత్రం అమ్మ బొమ్మ చూసి, "అచ్చం మీ బాపు చెయ్యే" అని మురిసిపోయింది. చెబుదామని నోరు తెరిచాను. బాపు నావైపే చూస్తున్నాడు.

"ఇంకా నీడ వెయ్యాలె అమ్మా" అన్నాను.

రేపు ఆ వేళ్లతోనే మళ్లీ డ్రిల్లు పట్టుకుంటాడు. అమ్మకు ఎట్లా చెప్పాలో...