రెక్కలు విప్పి పంపినాం

మస్తానన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మన షెడ్డు ముందరి రన్‌వే మూసేసినారు. కట్టిన చిన్న విమానాన్ని ఇక్కడే ఎగరేసి చూసుకునే వీలు పోయింది. ఇక షెడ్డు కూడా మూతే అన్నారు వాకాడులో. మేం మూయలేదు. రెక్కలు విప్పి మళ్లీ బిగించేట్టు మార్చుకున్నాం. నిన్న మొదటిదాన్ని రొయ్యలు తోలే లారీలో చెన్నై పక్క రన్‌వేకి పంపినాం.

"ఇంత తేలిగ్గా ఉండాదే అక్కా, ఇది ఎగురుతాదా?" అన్నాడు డ్రైవర్.

"గుంతల్లో నువ్వు ఎగరెయ్యకుంటే చాలు" అన్నాను.

సాయంత్రం ఫోనొచ్చింది. అక్కడ రెక్కలు బిగించినాక లేచిందంట, మెత్తగా దిగిందంట. మనోళ్లంతా ఎప్పటిలాగే షెడ్డు బయటికొచ్చి, ఏమీ లేని ఆకాశాన్ని కాసేపు చూసినారు. తర్వాత నేను రెండో విమానం రెక్కలకు గుడ్డ కుట్టడానికి కూర్చున్నాను.