పాన్ పేరున్న కంచు గొట్టం

రాజధాని, పడమటి కొలిమి వీధి
హుంగ్‌వూ ఏలుబడి పదో ఏడు, ఎనిమిదో నెల, పన్నెండో రోజు

చెల్లెలు సూనియాంగ్‌కు,

అన్న దేఖువాన్ దీవించి రాయు సంగతులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ క్షేమం అడగాలని కుంచె ఎత్తి, ఏమని అడగాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. చేతిలో గొట్టం పగిలి మీ ఆయన రెన్ ఫూ పోయి నేటికి నలభై రోజులు. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోవద్దు. సమాధి రాళ్లు చెక్కుతూ నాన్న మనిద్దరికీ ఒకే ఉలితో అక్షరాలు నేర్పాడు కదా, నువ్వే చదువుకో.

విచారణ ముగిసింది. నీకు ఇకపై నెలనెలా బియ్యం వస్తాయి. ముందు ఈ మాట రాసేస్తే మిగతాది తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

విచారణలో సగం పూట, పగిలిన ఆ వస్తువు పేరు దగ్గరే గడిచింది. మీ దండులో కాల్చడం నేర్పే గురువు ఖౌ పంపిన కాగితంలో, నిప్పు ఈటె ఒకటి పగిలింది అని ఉంది. ఈటెకు వెదురు బొంగు కట్టి, పేలుడు మందు కూరి మండించిన కాలం మనిషి ఆయన. కంచు వచ్చినా పాత పేరు వదల్లేదు. సైనికులు దాన్నే ఛొంగ్ అంటారు. మా ఆయుధశాల పుస్తకంలో చేతి గొట్టం. విచారణాధికారి ఆ కాగితం చూసి విసుక్కున్నాడు. నిప్పు ఈటె కోసం నన్నిక్కడికి పిలిచారేంటయ్యా, వెదురన్నాక పగలదా, కాల్చినవాడి ఖర్మ అని రాసేసి పోదాం పదండి అన్నాడు. ముక్కల మూట ఇంకా విప్పనేలేదు. ఖౌ ఆ మాట కావాలనే రాశాడేమోనని నాకు తర్వాత అనిపించింది. వెదురైతే పోతపోసినవాడికి దెబ్బలు తగలవు. చచ్చినవాడి ఇంటికి బియ్యమూ రావు.

ఆయుధశాల తరఫున వచ్చిన నావైపు అధికారి తిరిగి, ఏమయ్యా, నువ్వు చెప్పు, ఇదేంటి అని అడిగాడు. కంచు చేతి గొట్టం దొరా అన్నాను. నీ కోసమే అన్నాననుకున్నాను.

మూట విప్పారు. ఒక ముక్క మీద మూడు పేర్లున్నాయి. నేర్చుకునే సైనికుడు రెన్ ఫూ, నేర్పే గురువు ఖౌ, పోసినవాడు పాన్ వెన్‌చింగ్. గొట్టం పరీక్షలో నిలిచాక పోసినవాడు తన పేరు తన చేత్తోనే చెక్కాలి, అది మా కట్టుబాటు. మిగతా రెండు పేర్లూ దండుకు చేరాక అక్కడ చెక్కుతారు.

పాన్ నీకు గుర్తుండే ఉంటాడు. నీ పెళ్లిలో రెండు బాతులు ఒక్కడే లాగించి, పెళ్లికొడుకు మొహం ఉడకని పిండిముద్దలా ఉందేంట్రా అని అందరి ముందూ అన్నవాడు. రెన్ ఫూ మూడు రోజులు అలిగాడు. ఇరవై ఏళ్లుగా అతని కొలిమి నా కొలిమి పక్కనే. ఆ రోజు ముక్కను చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. ఒకసారి నన్ను చూశాడు. పేరు కనబడుతూనే ఉందిగా దొరా, ఇంకా అడుగుతారేం, నాదే అన్నాడు. ఎనభై దెబ్బలు కొట్టి, ఉత్తరపు సరిహద్దుకు పంపమని తీర్పు చెప్పారు.

పంపే ముందు రోజు అన్నం పట్టుకెళ్లాను. బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక ముద్ద తిని, ఉప్పు వెయ్యలేదట్రా, నీ వంట కన్నా ఆ దెబ్బలే నయం అన్నాడు. నేను నవ్వలేదు. గిన్నె పక్కకు నెట్టి, నాకు వెనకా ముందూ ఎవరున్నార్రా, నీకు చెల్లెలుంది, దాని సంగతి చూడు అన్నాడు. సరే అన్నాను. ఇంటికొచ్చి గిన్నె కడిగాను.

ఏడుపు రావడం లేదు సూనియాంగ్. దుఃఖం ఉండాలని తెలుసు, ఎక్కడుందో దొరకడం లేదు. నిన్న కొలిమి దగ్గర చెయ్యి కాలింది, వాసన వచ్చాక చూసుకున్నాను. వీధిలో చంద్రుడి పండుగకు అప్పాలు అమ్ముతున్నారు. ఒకటి కొన్నాను. తిన్నానో లేదో గుర్తులేదు.

పగిలిన కంచును మళ్లీ మూసలో కరిగించాలి. ఆ పని నాకే అప్పగించారు. అంతా కరిగించాను, పేర్లున్న ముక్క తప్ప. దాన్ని దూదిలో చుట్టి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అంచులు పదునుగా ఉన్నాయి, జాగ్రత్త.

ఇట్లు,
నీ అన్న
షావ్ దేఖువాన్

మరొక మాట. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు, రాయనిది ఉంది. ఆ గొట్టం పోసింది నేను. కిందటి చలికాలం పోతలో గాలి బుడగ పడింది. మైనంలో కంచు రజను కలిపి పూడ్చాను. పరీక్షలో ఎలాగో నిలిచింది. అప్పటికే ఆ ఏడు నా పేరున్నవి రెండు పగిలాయి. మూడోది పగిలితే కొలిమి లాక్కుంటారు. పాన్‌వి ఒక్కటీ పగల్లేదు. అతను భోజనానికి వెళ్లినప్పుడు అతని పేరు చెక్కాను. ఏ గొట్టం ఏ దండుకో చీటీలు తీసి పంపుతారు, మాకు తెలియదు.

పాన్ పేరులో నడిమి అక్షరం చివరి గీత చూడు. నా చెయ్యి అక్కడ జారుతుంది. అందుకే నాన్న ఉలి పిడితో నా వేళ్ల మీద కొట్టేవాడు, నువ్వు పక్కన కూర్చుని నవ్వేదానివి. ఆ జారుడు పాన్ ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు.

నేనే వెళ్లి చెప్పాల్సింది. మూడుసార్లు కచేరీ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. నువ్వు ఆ ముక్కా ఈ ఉత్తరమూ పట్టుకుని మీ దండు కచేరీకి వెళితే పాన్ వెనక్కి వస్తాడు. నీ బియ్యం ఆగవు, కనుక్కున్నాను. కొలిమి ఆర్పేశాను. నేను ఇంట్లోనే ఉంటాను.