ఆరో పూత

నాయనకు, అనంతపురం నుంచి నీ చిన్న బిడ్డ సుంకమ్మ దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ తిని, ఉండి, బాగానే ఉన్నాను. దిగులు పడొద్దు. నీ ఆరోగ్యం ఎట్లా ఉంది? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

ఈ కవరు నీ చేతికిచ్చిన మనిషిని చూసి నీ గుండె ఝల్లుమని ఉంటుంది. అవును నాయనా, గుంతకల్లు వాచీల అంగడి రంగప్పే. ఆయన అంగట్లో ఇరవై ఏళ్లు నువ్వు వాచీల తోలు బెల్టులకు నిగనిగలాడే పూత పూస్తే, నీ మీద నింద వేసి పదిమందిలో బయటికి పంపిన రంగప్పే. లోపలికి రమ్మనొద్దు. కూర్చోమనొద్దు. అడిగితే మంచినీళ్లు ఇవ్వమని అమ్మకు చెప్పు, అడక్కపోతే అదీ వద్దు. ఉత్తరం మొత్తం చదివేదాకా వాకిట్లోనే నిలబడనీ. నేను కూడా తొందరపడి రాయను.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను. కార్తీకం వచ్చినా ఎండ తగ్గలేదు. పోయిన వారం మబ్బు పట్టింది, ఊరంతా తల ఎత్తి చూసింది, చుక్క పడలేదు. మన చేను సంగతి తలుచుకుని ఆ రోజు నాకు అన్నం సయించలేదు. రూములో ముగ్గురం ఉంటాం. వంట నాదే. ఊరిబిండి పచ్చడి చేస్తాను గానీ మిక్సీలో వేస్తే అమ్మ రోట్లో నూరిన రుచి ఎక్కడొస్తుంది? ఎవరైనా వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపమని చెప్పు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఏమీ తోచదు. మిగతా ఇద్దరూ వాళ్ల ఊళ్లకు పోతారు. నేను బస్టాండు దాకా నడిచి, గుంతకల్లు బస్సు కదిలేదాకా చూసి, తిరిగి వస్తాను.

ఇంకా నిలబడే ఉన్నాడా? సరే, అయితే పని గురించి కూడా రాస్తాను.

మా ఓనరు మస్తాన్ మామ మంచివాడు. కింద అంగడి, పైన పూతల గది. ఈ ఊరి దుమ్ము నీకు తెలుసు కదా, ఒక్క నలుసు పడినా పూత పాడైపోతుంది. అందుకని కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, నేల మీద నీళ్లు చల్లి అప్పుడు బ్రష్షు పడతాం. కొళాయి రాని రోజు తాగడానికి కొన్న నీళ్లే చల్లుతాను. చెమట బెల్టు మీద పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకుంటాను. మొదటి రోజే మామ నా చెయ్యి చూసి, "ఎవురు నేర్పినారు పాపా?" అని అడిగాడు. "మా నాయన" అన్నాను. "పూత పలచగా ఉండాల, ఆరేదాకా దాని మొకం చూడగూడదు" అని నువ్వు చెప్పేవాడివే, ఆ మాట కూడా చెప్పాను. ఇప్పుడు అంగట్లో అందరూ అదే అంటున్నారు.

జనానికి ఈ మెరుపును చూసుకోవడం తెలియదు నాయనా. కొబ్బరినూనె రాస్తారు. వాచీతోనే స్నానం చేస్తారు. బెల్టు చుట్టచుట్టి జేబులో పెట్టుకుంటారు, తర్వాత పగిలిందని మన మీదికి వస్తారు. వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతాను: "ఏమన్నా, మెరుపంతా పైపూతలోనే ఉండాది. నూనె రాస్తే మసకబారతాది. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చెమట పడితే తీసి నీడలో పరుచు, ఎండలో పెట్టగాకు." కొందరు వింటారు, కొందరు నవ్వుతారు.

మస్తాన్ మామ దగ్గర ఒక పద్ధతి ఉంది. పాడైన బెల్టు ఏది వచ్చినా, దానికి ఏం తగిలిందో తెచ్చినవాళ్లే నోటితో చెప్పాలి. మేము చీటీ మీద రాసి సంతకం తీసుకుంటాం. ఏం పూశారో తెలియకుండా కొత్త పూత వేస్తే అది పెచ్చులు లేచిపోతుంది. ఈ పద్ధతి నాకు దేవుడిచ్చిన వరమైంది.

పోయిన సోమవారం రంగప్ప వచ్చాడు. తల నెరిసింది, గొంతు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టలేదు. నువ్వు వచ్చేశాక ఆయన అంగట్లో పూత పూసే చెయ్యే లేదట. కాబోయే అల్లుడి వాచీ అట, పెళ్లికి ముందు బాగుచేసి ఇమ్మని వియ్యంకులు ఈయనకే ఇచ్చారట. ఆ పిల్లవాడి తాత కట్టుకున్న వాచీ. బెల్టు లోపలివైపు ఆ తాత పేరు అచ్చు వేసి ఉంది, కాబట్టి వేరేది మార్చి ఇవ్వడానికి లేదు. నల్లటి బెల్టు మీద మూడు పసుపు మరకలు. వాటి చుట్టూ పూత కరిగి బూడిదరంగు.

చూడగానే నా ఒళ్లు మండింది. ఏడేళ్ల కిందట అచ్చం ఇట్లాంటి మరకలే కదా నాయనా! ఆయుధ పూజ నాడు స్క్రూడ్రైవర్లకూ తక్కెడకూ పెట్టినట్టు, పెళ్లివారి కొత్త బెల్టులకు కూడా తడి పసుపు బొట్లు పెట్టింది ఆయనే. మర్నాడు మరకలు చూసి భయపడి స్పిరిటుతో రుద్దింది ఆయనే. దసరా సెలవులని నీ వెంట వచ్చి, అంగడి మెట్ల మీద కూర్చుని నేను కళ్లారా చూశాను. పెళ్లివారు వచ్చి అరిస్తే, "ఈ ఓబులేసు తాగొచ్చి చెడగొట్టినాడు" అన్నాడు. నువ్వు జన్మలో చుక్క ముట్టని మనిషివి. నీ బ్రష్షులు గుడ్డలో చుట్టుకుని వచ్చేశావు. ఆ మూట అటక మీదినుంచి మళ్లీ దిగలేదు. నీ చేతి వాచీ కూడా తీసేశావు. ఆ పొద్దే అనుకున్నాను, ఈ మనిషిని ఊరికే వదలకూడదని.

అందుకే చీటీ తీసి అడిగాను. అంగడి నిండా జనం.

"దీనికి ఏం తగిలింది?"

"ఏమీ తగల్లేదమ్మా. ఊరికే అట్లయింది."

"ఊరికే కాదు. చెప్తేనే పని పట్టుకుంటాం. గట్టిగా చెప్పండి, రాసుకోవాల."

"ఆయుధ పూజ నాడు పసుపు బొట్టు పెట్టినాం."

"ఎవురు పెట్టినారు?"

"నేనే."

"మరక చూసినాక?"

"స్పిరిటుతో రుద్దినా."

"ఎవురు రుద్దినారు?"

"నేనేలేమ్మా! ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఇది రెండోసారి కదా, అందుకే అడుగుతాండా. మొదటిసారి మా నాయన పేరు చెప్పినావు. నేను విడపనకల్లు ఓబులేసు బిడ్డను."

ఆయన ముఖం చూడాలి నాయనా! నేను అక్కడితో ఆపలేదు. పాత సంగతంతా అందరికీ వినపడేటట్టు చెప్పాను. "అబద్ధమైతే అబద్ధమను" అన్నాను. నిజమేనని తల ఊపాడు. చీటీలో రెండు బెల్టుల సంగతీ రాసి సంతకం పెట్టించాను. అది ఈ కవర్లోనే ఉంది, తీసి చూడు. ఆ సంతకం నీకు తెలిసిందే. మస్తాన్ మామ టీ తెప్పించుకుని నిదానంగా తాగుతూ కూర్చున్నాడు.

"పెండ్లి వచ్చే వారముండాది, పరువు పోతాది తల్లీ" అని చేతులు పట్టుకోబోయాడు. జాలి కలగలేదు. నీ దగ్గర అబద్ధమెందుకు, సంతోషం కలిగింది. ఏడేళ్లుగా నువ్వు ఇంటి పంచలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే నా కళ్లముందు ఉండింది.

పని మాత్రం ఒప్పుకున్నాను. పాత పూత సన్న గరుకు కాగితంతో తీసి, నల్లరంగు ఎక్కించి, నాలుగు రోజుల్లో అయిదు పూతలు వేశాను. తీసుకోవడానికి వస్తే చెప్పాను: "ఆరో పూత మా నాయన చెయ్యితోనే పడాల. నువ్వే పో, నువ్వే అడుగు. ఈ ఉత్తరం కూడా నువ్వే ఇయ్యి." అందుకే వచ్చి నీ ముందు నిలబడి ఉన్నాడు.

డబ్బాలో బెల్టు ఉంది, చిన్న సీసాలో పూత మందు ఉంది. బెల్టును వెలుతురులో పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది. ఆరో పూత అక్కర్లేదు. మెరుపు అయిదింటికే నిండుగా వచ్చేసింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. పూసి పంపుతావో, అట్లాగే పంపుతావో నీ ఇష్టం. నాకు మాత్రం అటక మీది మూట దిగాలని ఉంది. పూస్తే పలచగా పూయి. ఆరేదాకా ఆయన్ని వాకిట్లోనే ఉండనీ, నీడకు రానీయొద్దు.

అమ్మకు నా దండాలు. పెద్దలందరినీ అడిగినట్టు చెప్పు. మీ ఇద్దరి దీవెన నా తల మీద ఉంటే నాకు అంతే చాలు.

నీ బిడ్డ,
సుంకమ్మ

ఉత్తరం అయిపోయిందని ఆయనకు అప్పుడే చెప్పొద్దు నాయనా. అయిదు పూతలు చాలన్న ముక్క ఒక్కటి వదిలేసి, అమ్మకు వినపడేటట్టు, మళ్లీ మొదటి నుంచి గట్టిగా చదువు.